ప్రైమరీ పోటీ నెలల తరబడి సాగితే పార్టీ చీలుతుందా? పెన్సిల్వేనియాలో ఇల్లిల్లూ తిరిగిన అనుభవం

అమెరికాలో అధ్యక్ష అభ్యర్థిని ఎంచుకునే ప్రైమరీ పోటీ జూన్ దాకా సాగితే, ఆరు నెలలు ఒకరినొకరు తిట్టుకున్న ఒకే పార్టీ వాళ్ళు నవంబరు నాటికి మళ్ళీ కలవగలరా అని మీరు అడిగారు. నేను 2008లో ఫిలడెల్ఫియా శివారున ఉన్న మాంట్‌గమరీ కౌంటీలో, డెమొక్రాట్ల ప్రైమరీలో హిల్లరీ క్లింటన్‌తో తలపడిన ఒబామా తరఫున తలుపులు తట్టిన వాలంటీరును. అంతకు ముందు ఏడాదే పౌరసత్వం వచ్చింది కాబట్టి, ఈ దేశంలో నేను వేసిన మొదటి ఓటు కూడా ఆ ప్రైమరీలోనే. అప్పుడు చూసినదాన్ని బట్టీ, ఆ తరవాత 2016లో చూసినదాన్ని బట్టీ నాకు ఏర్పడిన అభిప్రాయం ఇది: పోటీ ఎన్ని వారాలు సాగిందనే దాని కన్నా, ఓడిన వర్గం తాము న్యాయంగానే ఓడామని నమ్మిందా లేదా, ఓడిన నాయకుడు స్వయంగా నోరు విప్పి తన వాళ్ళకు ఏం చెప్పాడు అన్న రెండు విషయాలే పార్టీ ఐక్యతను తేలుస్తాయి.

అసలు ఆ పోటీ అంత కాలం ఎందుకు సాగిందో ముందు చెప్పాలి. డెమొక్రాట్ల నిబంధనల ప్రకారం, ఒక రాష్ట్రంలో కనీసం 15 శాతం ఓట్లు తెచ్చుకున్న ప్రతి అభ్యర్థికీ వచ్చిన ఓట్ల నిష్పత్తిలో డెలిగేట్లు, అంటే చివరికి పార్టీ మహాసభలో అభ్యర్థిని ఎన్నుకునే ప్రతినిధులు, దక్కుతారు. అందుచేత ఇద్దరు గట్టి అభ్యర్థులు ఉన్నప్పుడు ఎవరు ఏ రాష్ట్రం గెలిచినా తేడా కొద్దికొద్దిగానే పెరుగుతుంది, ఓడుతున్న వారికి తప్పుకోవలసిన అవసరం కనిపించదు. రిపబ్లికన్లలో చాలా రాష్ట్రాలు గెలిచిన వారికే మొత్తం డెలిగేట్లను కట్టబెడతాయి కాబట్టి, ఆ ఏడాది మెకెయిన్ మార్చి 4 నాటికే అభ్యర్థిగా ఖరారై కూర్చున్నారు. మా వైపేమో జనవరి 3న అయోవాలో మొదలైన పోటీ జూన్ 3న మాంటానా, సౌత్ డకోటాల దాకా నడిచింది. అందులోనూ మార్చి 11న మిసిసిపీ ముగిశాక, ఏప్రిల్ 22న మా పెన్సిల్వేనియా వచ్చేదాకా ఆరు వారాల పాటు మధ్యలో మరో రాష్ట్రమే లేదు. ఆ ఆరు వారాలూ రెండు శిబిరాల డబ్బు, కోపం, వాలంటీర్లు అన్నీ మా మీదే వచ్చి పడ్డాయి.

ఖాళీగా ఉన్న సమయం నోరు జారడానికి చాలా అనుకూలం. ఒబామా గారి పాస్టరు పాత ప్రసంగాల వీడియోలు, బోస్నియాలో తుపాకీ కాల్పుల మధ్య విమానం దిగానని హిల్లరీ చెప్పుకున్న మాట, చిన్న ఊళ్ళలోని జనం కసితో తుపాకులనూ మతాన్నీ పట్టుకు వేలాడుతున్నారని శాన్‌ఫ్రాన్సిస్కో విరాళాల సభలో ఒబామా అన్న మాట, ఇవన్నీ ఆ వారాల్లోనే ఊరూరా నలిగాయి. మార్చి నెలలో గాలప్ జరిపిన సర్వేలో, ఒబామా అభ్యర్థి అయితే తాము మెకెయిన్‌కు ఓటు వేస్తామని హిల్లరీ అభిమానుల్లో 28 శాతం మంది చెప్పారు. హిల్లరీ అభ్యర్థి అయితే అదే పని చేస్తామన్న ఒబామా అభిమానులు 19 శాతం. ఆ అంకెలు చూసి మా ఆఫీసులో పెద్దవాళ్ళు ముఖాలు వేలాడేశారు.

మన తెలుగు కుటుంబాల్లో కూడా ఈ గీత పడింది. 2000 మార్చిలో బిల్ క్లింటన్ హైదరాబాద్ వచ్చి వెళ్ళిన సంగతి అప్పటికి అందరికీ గుర్తే, పైగా ఆ దంపతులతో ఇక్కడి భారతీయ సంఘాలకు ఏళ్ళ నాటి పరిచయం. దానికి తోడు 2007లో ఒబామా ప్రచార బృందం నుంచి బయటకు వచ్చిన ఒక కాగితంలో హిల్లరీని పంజాబ్ నియోజకవర్గపు సెనేటరు అన్నట్టుగా వెటకారం చేశారు. ఒబామా ఆ తరవాత అది తెలివితక్కువ తప్పని ఒప్పుకున్నా, ఒక మిత్రుడు మా ఇంటికి భోజనానికి వచ్చినప్పుడల్లా పప్పు వడ్డించేలోపే ఆ కాగితం మాట ఎత్తేవాడు. ఆయనకు విధానాల మీద పెద్ద పట్టింపు లేదు, తనను అవమానించారన్నదే బాధ. సుదీర్ఘమైన పోటీలో పేరుకుపోయేది ఎక్కువగా ఇలాంటి సరుకే.

ఇక నేను చేసిన పొరపాటు చెప్పాలి. మాకు ఇచ్చే లిస్టులో ప్రతి ఓటరు పేరు పక్కన 1 నుంచి 5 దాకా అంకెలుండేవి. 1 అంటే గట్టిగా మన వైపు, 5 అంటే గట్టిగా ఎదుటి వైపు, తలుపు మూసుకున్నాక గుమ్మం ముందే పెన్సిలుతో ఏదో ఒక అంకె చుట్టూ సున్నా చుట్టాలి. ఏప్రిల్ రెండో వారంలో ఒక శనివారం నాడు ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలి ఇంటి తలుపు తట్టాను. ఆవిడ ఆ వార్డులో పార్టీ కమిటీ సభ్యురాలనీ, నేను ఈ దేశానికి రాకముందు నుంచీ ఎన్నికల రోజున పోలింగ్ కేంద్రం బయట బల్ల వేసుకుని కూర్చునే మనిషనీ నాకు తెలియదు. ఒక స్త్రీ అధ్యక్షురాలు కావడం చూడాలని ఎంతకాలంగా ఎదురుచూస్తున్నదీ ఆవిడ చెబుతుంటే, నేను మధ్యలో అందుకుని, డెలిగేట్ల లెక్క ప్రకారం మీ అభ్యర్థికి ఇక దారి లేదు, ఆవిడ ఎంత త్వరగా తప్పుకుంటే పార్టీకి అంత మేలు అన్నాను. లెక్క తప్పు కాదు. కానీ ఆవిడ నా వంక ఒక్క క్షణం చూసి, "నేను ఇంకా ఓటే వేయలేదు, అప్పుడే నన్ను ఇంటికి పొమ్మంటున్నావా?" అని తలుపు వేసేసింది. నేను 5 చుట్టూ సున్నా చుట్టి పక్కింటికి వెళ్ళిపోయాను.

ఏప్రిల్ 22న హిల్లరీ మా రాష్ట్రాన్ని సుమారు 9 శాతం తేడాతో గెలిచారు, మా కౌంటీ కూడా ఆవిడదే. అయితే అదే ఆరు వారాల వల్ల పార్టీకి జరిగిన మేలు కూడా కళ్ళారా చూశాను. పెన్సిల్వేనియాలో డెమొక్రాట్‌గా నమోదైన వారికి తప్ప మరెవరికీ ఆ ప్రైమరీలో ఓటు లేదు, నమోదుకు గడువు మార్చి 24. అందువల్ల ఇరువర్గాలూ పోటీపడి కొత్త వాళ్ళ చేత ఫారాలు నింపించాయి, రాష్ట్రంలో నమోదైన డెమొక్రాట్లు తొలిసారి 40 లక్షలు దాటారు. పోటీ ఫిబ్రవరిలోనే ముగిసిపోయి ఉంటే ఆ ఫారాలు నింపించే వాళ్ళే ఉండేవారు కాదు. ఇండియానా, నార్త్ కరోలినా వంటి చోట్ల డెమొక్రాట్లు అధ్యక్ష ఎన్నికల్లో పని చేయడమే మానేసి అప్పటికి ఏళ్ళయింది. మే 6 ప్రైమరీ పుణ్యమా అని అక్కడ ఆఫీసులు తెరుచుకున్నాయి, వాలంటీర్లు తయారయ్యారు. నవంబరులో ఒబామా ఇండియానాను 1964 తరవాత, నార్త్ కరోలినాను 1976 తరవాత మొదటిసారి డెమొక్రాట్ల ఖాతాలో వేశారు. సెప్టెంబరులో లేమన్ బ్రదర్స్ అనే పెద్ద బ్యాంకు కూలిపోవడం, బుష్ పాలన మీద విసుగు కూడా ఆ గెలుపులో పాలుపంచుకున్నాయి కాబట్టి ఘనతంతా ప్రైమరీకి కట్టబెట్టను గానీ, వేసవిలో కట్టిన నిర్మాణం శరదృతువులో ఉపయోగపడిందన్నది మాత్రం నిజం.

తరవాత ముగింపు. నా దృష్టిలో అసలు పాఠమంతా జూన్ మొదటి వారం నుంచి ఆగస్టు చివరి వారం దాకా జరిగినదాంట్లో ఉంది. ఫ్లోరిడా, మిషిగన్ రాష్ట్రాలు గడువుకు ముందే ప్రైమరీలు పెట్టుకుని శిక్షకు గురైతే, మే 31న పార్టీ నిబంధనల సంఘం వాటి డెలిగేట్లకు సగం ఓటు చొప్పున ఇచ్చింది, ఆ రోజు సభాస్థలంలో హిల్లరీ అభిమానులు కేకలు వేసిన తీరు టీవీలో చూస్తే ఇక ఈ పార్టీ అతకదు అనిపించింది. సరిగ్గా వారానికి, జూన్ 7న హిల్లరీ వాషింగ్టన్‌లో తన అభిమానుల ముందు నిలబడి ఒబామాకు మద్దతు ప్రకటించారు. జూన్ 27న ఇద్దరూ కలిసి న్యూ హాంప్‌షైర్‌లో యూనిటీ అనే చిన్న ఊరికి వెళ్ళారు, జనవరి ప్రైమరీలో ఆ ఊరు ఇద్దరికీ సరిగ్గా 107 ఓట్ల చొప్పున వేసిందట. ఊరి పేరు చూసి వేసిన ఎత్తుగడే అయినా, ఆ ఫోటో పనిచేసింది. రెండు కోట్ల డాలర్లు దాటిన ఆవిడ ప్రచారపు అప్పు తీర్చడానికి సాయం చేయమని ఒబామా తన దాతలను అడిగారు. ఆగస్టు 27న డెన్వర్ మహాసభలో రాష్ట్రాల పేర్లు పిలుస్తూ ఓట్లు లెక్కిస్తుండగా, న్యూయార్క్ వంతు వచ్చేసరికి హిల్లరీయే మధ్యలో ఆపించి, ఒబామాను ఏకగ్రీవంగా అభ్యర్థిగా ప్రకటించమని తీర్మానం పెట్టారు. తన పేరు బ్యాలెట్ మీదకు ఎక్కాక, తన వాళ్ళ ఓట్లు కొంత లెక్కకు వచ్చాక, తానే ఆపడంలోని మర్యాద కింది స్థాయి కార్యకర్తలకు బాగా అర్థమైంది.

2016 దీనికి తలకిందులు. ఆ ఏడాది ప్రైమరీలో పోటీపడిన సెనేటరు బెర్నీ శాండర్స్, హిల్లరీల మధ్య డెలిగేట్ల తేడా 2008 నాటి తేడా కన్నా పెద్దది, శాండర్స్ జూలై 12న మద్దతు కూడా ప్రకటించారు. కానీ మా ఫిలడెల్ఫియాలో మహాసభ మొదలవడానికి మూడు రోజుల ముందు, జూలై 22న, పార్టీ జాతీయ కమిటీ ఉద్యోగుల ఈమెయిళ్ళు వికీలీక్స్‌లో వెలువడి, వాటిలో కొందరు శాండర్స్‌ను చులకన చేసిన మాటలు బయటపడ్డాయి. రెండు రోజుల్లో కమిటీ అధ్యక్షురాలు రాజీనామా ప్రకటించవలసి వచ్చింది. లోపల శాండర్స్ డెలిగేట్లు కొందరు నోటికి టేపు అంటించుకుని కూర్చున్నారు, బయట ఎండలో నాతో మాట్లాడిన ఒక కుర్రవాడు, ఓడిపోయినందుకు కాదు, ఆట ముందే తేల్చేశారన్నందుకు కడుపు మండుతోందని చెప్పాడు. సుమారు 12 శాతం మంది శాండర్స్ ప్రైమరీ ఓటర్లు నవంబరులో ట్రంప్‌కు వేశారని తరవాత ఒక పెద్ద సర్వేలో తేలింది. అది 2008 మార్చిలో బెదిరించిన వారి శాతం కన్నా తక్కువే. అయితే మా రాష్ట్రంలో ట్రంప్ ఆధిక్యం 44,292 ఓట్లు, మిషిగన్‌లో 10,704. ఓట్లు అంత దగ్గరగా ఉన్నచోట చిన్న అలక కూడా ఖరీదైనదే. రెండేళ్ళ తరవాత పార్టీ నిబంధనలు మార్చి, ప్రైమరీ ఫలితంతో పనిలేకుండా తమకు నచ్చినవారికి ఓటు వేయగల సూపర్ డెలిగేట్లనే పార్టీ పెద్దలకు మొదటి విడత ఓటింగులో ఫలితాన్ని తిప్పే అధికారం లేకుండా చేయడం, ఆ కుర్రవాడి ఫిర్యాదులో పస ఉందని ఒప్పుకోవడమే.

1980ని ఉదాహరణగా చెప్పేవారు ఎక్కువ. సాక్షాత్తూ పదవిలో ఉన్న డెమొక్రాట్ అధ్యక్షుడు కార్టర్ మీద సొంత పార్టీకే చెందిన ఎడ్వర్డ్ కెన్నెడీ పోటీకి దిగి ఆగస్టు మహాసభ దాకా పోరాడారు, చివరి రాత్రి వేదిక మీద కార్టర్‌తో కలిసి చేయి పైకెత్తకుండా తప్పించుకు తిరిగారు, నవంబరులో రిపబ్లికన్ అభ్యర్థి రేగన్ 44 రాష్ట్రాలు గెలిచారు. అయితే ధరలు మండిపోతూ, టెహ్రాన్‌లో దౌత్య సిబ్బంది బందీలుగా ఉన్న ఏడాది అది. పార్టీ అప్పటికే లోపల చీలి ఉంది కాబట్టే కెన్నెడీ నిలబడ్డారు. పుండు ఉన్నచోట ఈగ వాలితే, ఈగ వల్లే పుండు పడిందని అనలేం కదా.

మన దగ్గరి వారికి ఇదంతా వింతగా అనిపించవచ్చు. ఆంధ్రలో, తెలంగాణలో బీ-ఫారం ఎవరి చేతిలో పడుతుందో నామినేషన్ల చివరి రోజు దాకా తెలియదు, రాని వాడు ఆ సాయంత్రమే రెబెల్‌గా నామినేషన్ వేస్తాడు. ఇక్కడ చాలా రాష్ట్రాల్లో, ప్రైమరీలో ఓడినవాడు అదే పదవికి మళ్ళీ స్వతంత్రుడిగా పోటీ చేయకుండా చట్టాలున్నాయి. దానివల్ల ఓడిన నాయకుడు పార్టీలోనే ఉండిపోక తప్పదు. అతని అభిమానిని మాత్రం ఏ చట్టమూ కట్టివేయలేదు, అతన్ని బతిమాలి తెచ్చుకోవలసిందే.

ఆ బతిమాలే పని సెప్టెంబరులో నా వంతుకు వచ్చింది. అప్పటి లిస్టు చూస్తే, ఏప్రిల్‌లో మేము 5 వేసి వదిలేసిన ఇళ్ళే ఇప్పుడు మొదట వెళ్ళవలసిన ఇళ్ళు. ఆ ఉపాధ్యాయురాలి పేరు చూసి, ఈ వీధి ఇంకెవరికైనా ఇమ్మని ఆఫీసులో అడిగాను, ఇంకెవరూ లేరన్నారు. ముఖం చెల్లకపోయినా వెళ్ళాను. గడ్డిలో హిల్లరీ బోర్డు ఇంకా పాతి ఉంది, నీలిరంగు వెలిసిపోయి, దాని కాలికి టమాటా తీగ ఒకటి అల్లుకుని ఉంది. ఆవిడ తలుపు తీసి, "ఆ లెక్కల అబ్బాయివి కదా నువ్వు" అంది. ఆ రోజు నేను అన్న మాట తప్పని చెప్పాను. ఆవిడ కూర్చోమనలేదు, గుమ్మంలోనే నిలబెట్టి దాదాపు ముప్పావు గంట మాట్లాడింది, నేను ఒక్క కరపత్రం కూడా బయటకు తీయలేదు. చివరికి, "డెన్వర్‌లో ఆమె చెప్పింది కాబట్టి వేస్తాను. నువ్వు చెప్పావని వేస్తాననుకోకు" అని తలుపు వేసింది. ఈసారి కాస్త నెమ్మదిగా వేసింది. ఏ అంకె చుట్టూ సున్నా చుట్టాలో తెలియక పెన్సిలు పట్టుకుని అక్కడే నిలబడ్డాను.

నవంబరు 4న తెల్లవారుజామున ఫైర్ స్టేషన్‌లోని మా పోలింగ్ కేంద్రానికి వెళ్ళేసరికి, ఆవిడ మడత బల్ల వేసుకుని, ఒళ్ళో దుప్పటి కప్పుకుని, నమూనా బ్యాలెట్లు పంచుతోంది. వాటి మీద అన్నిటికన్నా పైన ఒబామా పేరు. నా చేతిలో ఒకటి పెట్టి, వరసలో నా వెనకున్న వాళ్ళకూ వినబడేలా, "ఈసారి లెక్క సరిగ్గా చూసుకున్నావా?" అని అడిగింది. చూసుకున్నానని చెప్పి లోపలికి వెళ్ళాను.