కథ వినిపించడానికి వెళ్లే ముందు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు బౌండ్ స్క్రిప్ట్ పూర్తి చేశావనీ, వచ్చే వారం ఫిల్మ్‌నగర్‌లో ఒక నిర్మాతకు కథ వినిపించబోతున్నావనీ మీ అమ్మ చెప్పినప్పుడు ఎంత గర్వపడ్డానో, ఫోను పెట్టేశాక అంతగా గుండెల్లో రాయి పడింది.

అచ్చుతప్పులు దిద్దించు, పేజీలకు అంకెలు వేయి, చెప్పిన వేళకు ముందే చేరుకో. అరగంటలో ముగిసే నెరేషన్ ఒకటి విడిగా సిద్ధం చేసుకో. ఇంటర్వెల్ ఎక్కడ పడుతుందో అడగకముందే చెప్పు. మన నిర్మాతలు ముందు వెతికేది దాన్నే.

ఇక అసలు సంగతి. కృష్ణానగర్‌లో నాతో ఒకే గదిలో ఉన్న మిత్రుడొకడు కథ చెబుతుంటే వినేవాళ్లు టీ తాగడం కూడా మరిచిపోయేవారు. సీన్లన్నీ తలలోనే ఉన్నాయన్న ధీమాతో అతడు రచయితల సంఘంలో రెండు పేజీల లైను, అంటే కథాసారం మాత్రమే రిజిస్టర్ చేయించాడు. ఒక నిర్మాత ఆఫీసులో వారాల తరబడి సిట్టింగులు, అంటే కథా చర్చలు జరిగాయి. ఇతడు రోజుకో సీను ధారపోశాడు, అడ్వాన్సు మాత్రం రేపు మాపంటూ వాయిదా పడింది, చివరికి పిలుపులే ఆగిపోయాయి. కొంతకాలానికి విడుదలైన ఒక సినిమాలో పెళ్లికూతురి తండ్రి పంచకుండా మిగిలిన శుభలేఖల మూటను చెరువులో వదిలే సీను చూసి ఇద్దరం నిర్ఘాంతపోయాం. అతడు మా గదిలో వంట చేస్తూ నాకు చెప్పిన సీను అది. సంఘం పెద్దలు ఫైలు తెప్పించి చూశారు. అందులో ఉన్నది అప్పులపాలైన తండ్రి, ఆగిపోయిన పెళ్లి; అలాంటి కథలు అంతకుముందే ఎన్నో వచ్చాయి. శుభలేఖల మూట ఏ కాగితం మీదా లేదు. పెద్దలను నేను తప్పుపట్టలేను. తన నాటకాన్ని సినిమాగా తీసేశారని ఆర్.జి. ఆనంద్ అనే రచయిత వేసిన దావాలో సుప్రీంకోర్టు 1978లో చెప్పిందీ అదే: ఇతివృత్తం ఎవరి సొత్తూ కాదు, దాన్ని మలిచిన తీరుకే రక్షణ.

అందుచేత తల్లీ, సంభాషణలతో సహా పూర్తి స్క్రిప్టును రిజిస్టర్ చేయించనిదే గడప దాటకు. సిట్టింగు ముగిసిన రాత్రే, ఆ రోజు నువ్వు చెప్పిన సీన్లను రాసి వాళ్లకు ఈమెయిల్ చేయి. ఏమనుకుంటారోనని వెనకాడతావు, నాకు తెలుసు. పక్కింటి పిల్ల నీ రంగు పెన్సిళ్లు పట్టుకుపోతే అడగలేక తలుపు వెనక నిలబడి ఏడ్చినదానివి. ఆ మొహమాటం ఇక్కడ పనికిరాదు. పగటిపూట ఆఫీసులో అయితేనే వస్తానని చెప్పడానికి కూడా మొహమాటపడకు.

హక్కులు రాసిచ్చే కాగితంలో గడువు లేకపోతే కాపీరైట్ చట్టం దాన్ని 5 ఏళ్లుగా లెక్కిస్తుంది; అందుకే చాలామంది 'శాశ్వతంగా, అన్ని భాషల్లో' అని ముందే టైపు చేయించి తెస్తారు. రీమేక్ సొమ్ములో నీ వాటా ఎంతో, టైటిల్స్‌లో నీ పేరు కథకు పడుతుందో మాటలకు పడుతుందో అందులోనే రాయించు. సంతకానికి ముందు ఆ కాగితం నాకు పంపు. ఈమధ్యే కళ్లద్దాలు మార్పించాను, సన్నని అక్షరాలు కూడా బాగానే కనబడుతున్నాయి.

నీ మామయ్య