సమాధానం: జీవోలో గవర్నరు పేరుంటే సమాచార హక్కు దరఖాస్తు ఎవరికి పంపాలి?

ఒక జీవో (ప్రభుత్వ ఉత్తర్వు) గురించి మీరు గవర్నరు కార్యాలయానికి సమాచార హక్కు దరఖాస్తు పంపారు. వారు దాన్ని "సమాచారం మా వద్ద లేదు" అని తిప్పి పంపడానికి కారణం, జీవో చివరనున్న "గవర్నరు పేరిట, వారి ఉత్తర్వుల మేరకు" అన్న మాటను మీరు యథాతథంగా తీసుకోవడమే. రాజ్యాంగం 166వ అధికరణం ప్రకారం రాష్ట్ర ప్రభుత్వ కార్యనిర్వాహక చర్యలన్నీ గవర్నరు పేరిటే వెలువడతాయి. నిర్ణయం మాత్రం సాధారణంగా మంత్రివర్గానిదో, సంబంధిత మంత్రిదో, బిజినెస్ రూల్స్ (ప్రభుత్వంలో ఏ పని ఎవరు చేయాలో చెప్పే నియమాలు) అధికారమిచ్చిన కార్యదర్శిదో అయి ఉంటుంది.

1. జీవో తలభాగంలో శాఖ పేరు, దాని పక్కనే సెక్షన్ పేరు ఉంటాయి. జీవో సంఖ్య, తేదీతో పాటు వాటినీ దరఖాస్తులో రాయండి.

2. చాలామంది చూడకుండా వదిలేసేది సంతకం కింద ఉండే ప్రతుల జాబితా. ఉత్తర్వును అమలు చేయవలసిన కమిషనరు, డైరెక్టరు లేదా కలెక్టర్లు అందులోనే కనిపిస్తారు. నిర్ణయం ఎందుకు తీసుకున్నారో తెలియాలంటే నోట్ ఫైలు (నిర్ణయానికి ముందు అధికారులు రాసుకున్న అభిప్రాయాల ఫైలు) కోసం సచివాలయంలోని ఆ శాఖ పౌర సమాచార అధికారిని అడగాలి. మీ జిల్లాలో అది ఎంతవరకు అమలైందో తెలియాలంటే కమిషనరేట్‌నో కలెక్టరేట్‌నో అడగాలి. రెండింటినీ ఒకే దరఖాస్తులో కలిపితే సగం జవాబే రావచ్చు.

3. నిజానికి సమాచార హక్కు చట్టం 6(3) సెక్షన్ ప్రకారం గవర్నరు కార్యాలయమే మీ దరఖాస్తును 5 రోజుల్లోగా సరైన శాఖకు బదిలీ చేయవలసింది. అలా బదిలీ చేయకుండా తిప్పి పంపినందుకు 30 రోజుల్లోగా మొదటి అప్పీలు చేసుకోవచ్చు గానీ, సమాచారమే ముఖ్యమైతే శాఖకు నేరుగా కొత్త దరఖాస్తు పెట్టడమే త్వరగా తేలే దారి.