ఆర్డరు ఒప్పుకునే ముందు

కావలి,
ఆదివారం

చిరంజీవి మేనల్లుడికి,

అత్తయ్య ఆశీస్సులు. మొన్న మీ అమ్మ ఫోన్ చేసి సంగతి చెప్పినప్పటి నుంచీ నాకు మనసు మనసులో లేదు. బెంగళూరు ఉద్యోగం వదిలేసి నెల్లూరు వచ్చేశావట, వేదాయపాళెంలో షెడ్డు అద్దెకు మాట్లాడావట, మీ తమ్ముడు, మన చిన్నోడితో పాటు అట్టాంటి మేధోవైకల్యం ఉన్నవాళ్ళు పన్నెండు మందికి పని చూపిస్తానన్నావట. మన ఇంట్లో ఇట్టాంటి పిల్లాడు పుట్టాడని చాలా సంతోషపడ్డాను. అర్ధరాత్రి దాకా నిద్ర పట్టలేదు కూడా. ఇరవై రెండేళ్ళు ఈ పనే చేసినదాన్ని కాబట్టి ఎక్కడెక్కడ కాలు జారుతుందో నాకు తెలుసు. అందుకే ఫోన్‌లో చెప్పకుండా రాస్తున్నాను. దాచుకుని మళ్ళీ చదువుకో.

పన్నెండు మంది వద్దు. ఆరుగురితో మొదలుపెట్టు. నేర్పేవాళ్ళు ఇద్దరు ఉండాలి, వాళ్ళలో ఒకరు స్పెషల్ ఎడ్యుకేషన్ చదివినవాళ్ళయితే మంచిది. మొదటి నెల పది నుంచి ఒంటిగంట వరకే. సికింద్రాబాద్‌లో ఇట్టాంటి వాళ్ళ కోసం 1984లో పెట్టిన జాతీయ సంస్థ ఉంది, ఇప్పుడు నీపిడ్ అంటున్నారు. అక్కడికి వెళ్ళి పని నేర్పే విభాగాన్ని కళ్ళారా చూసిరా. సొసైటీయా, లాభం పంచుకోని సెక్షన్ 8 కంపెనీయా అన్నది ఆడిటర్‌ని అడుగు. అందరికీ యూడీఐడీ అనే దివ్యాంగుల గుర్తింపు కార్డు, ఆధార్, బ్యాంకు ఖాతా ఉన్నాయో లేదో చూడు. లక్ష రూపాయల వరకు వైద్యఖర్చులిచ్చే నిరామయ బీమా కట్టించు. కాగితాల సంగతి ఇంతకంటే చెప్పను, అవి నువ్వు చేసుకోగలవు.

ఒక్కమాట మాత్రం కోప్పడి చెప్తున్నా. మీ అమ్మ చదివి వినిపించిన నీ కాగితంలో ‘ఈ పిల్లలు’ అని నాలుగుసార్లు ఉంది. చిన్నోడికి ఇరవై ఎనిమిదేళ్ళు నాయనా. గడ్డం గీసుకుంటున్నాడు. పిల్లలు అన్నంతకాలం వాళ్ళకి రంగు పెన్సిళ్ళే చేతికొస్తాయి, జీతం రాదు. పేరు పెట్టి పిలువు. పెద్దవాళ్ళని అన్నా, అక్కా అను.

ఇక పని. నిమ్మకాయ పచ్చడి అన్నావు. మన జిల్లాలో నిమ్మకాయకి లోటు లేదు, నిజమే. కానీ కత్తి, ఉప్పు, కారం, కళ్ళు, ఫుడ్ లైసెన్సు అన్నీ మొదటిరోజే నెత్తిన పడతాయి. పచ్చడి రెండో ఏడు చూద్దాం. మొదట కాగితం కవర్లు పెట్టు. నెల్లూరు పొగతోటలో ఆసుపత్రులూ మందుల షాపులూ ఎన్ని ఉన్నాయో నీకు చెప్పాలా? 2022 డిసెంబరు 31 నుంచి 120 మైక్రాన్ల కంటే పల్చటి ప్లాస్టిక్ క్యారీబ్యాగులు నిషేధం, షాపులవాళ్ళకి కాగితం కావాలి. ఒక జాగ్రత్త: పాత న్యూస్‌పేపరు కవర్లు బజ్జీల కొట్టుకి మాత్రం ఇవ్వకు. ఆ సిరా తిండికి అంటుతుంది.

కాగితం ప్రెస్సులోనే కోయించుకో. మన షెడ్డులో కటింగ్ మిషన్ ఉండకూడదు. ఎందుకో తర్వాత చెప్తాను. ఏ4 సైజు, 80 జీఎస్ఎం, అంటే చదరపు మీటరుకి 80 గ్రాములు తూగే కాగితం తీసుకో. మూడు మిల్లీమీటర్ల ప్లైవుడ్‌తో పదమూడున్నర సెంటీమీటర్ల వెడల్పు పలక చేయించి, అంచులు గరుకు కాగితంతో నున్నగా రుద్దించు. కాగితం పొడుగువైపు ఆ పలక చుట్టూ తిప్పితే రెండు సెంటీమీటర్లు ఒకదాని మీద ఒకటి వస్తుంది, అక్కడ జిగురు. కింద రెండు సెంటీమీటర్లు మడిచి అంటిస్తే పంతొమ్మిది సెంటీమీటర్ల ఎత్తు కవరు తయారు. జిగురు ఎంత మేర పూయాలన్నది చాలామందికి చెప్పినా తెలియదు. పాత ఎక్స్‌రే ఫిల్ములో ఒక సెంటీమీటరు వెడల్పు సందు కోసి కాగితం మీద పెట్టు. ఆ సందులో బ్రష్షు ఒక్కసారి లాగితే చాలు, పక్కకి పోదు.

ఈ మొత్తం పనిలో ఆరు మెట్లున్నాయి: ఆనించడం, చుట్టడం, జిగురు, నొక్కడం, అడుగు మడత, ఆరబెట్టడం. చివరి మెట్టు ముందు నేర్పు. మిగతావన్నీ నువ్వు చేసి, చివరిది అతని చేత చేయించు. అప్పుడు ప్రతిసారీ పూర్తయిన కవరు అతని చేతిలోంచే బయటికొస్తుంది. అది బాగా వచ్చాక దానికి ముందు మెట్టు. మొదటి నుంచి నేర్పితే, నాలుగు మడతలకే తప్పుపోయి ఎప్పుడూ సగం కాగితమే చూస్తాడు, విసుగొస్తుంది. చెప్పాక నోరు మూసుకుని మనసులో అయిదు దాకా లెక్కపెట్టు. మనం ఆగం, అదే మన జబ్బు. చేయి పట్టి చేయించడం, చేయి తాకడం, వేలితో చూపడం, ఊరికే నిలబడటం. ఈ వరసలో నీ సాయం తగ్గుతూ రావాలి.

లెక్క రానివాళ్ళ కోసం చెక్క పట్టీకి పది బట్టల క్లిప్పులు బిగించు. తడి కవరు ఒక్కో క్లిప్పుకి తగిలిస్తే ఆరుతుంది, క్లిప్పులు నిండితే పది. ఏ4 కాగితం ఒకటి అయిదు గ్రాములు. అంటే ఆరిన కవర్లు వంద కాటాలో పెడితే అరకిలో, జిగురుతో కలిపి ఇంకాస్త. తూకం తప్పితే ఎక్కడో రెండు అంటుకున్నాయి లేదా ఒకటి తగ్గింది. అంకెలు రాని మనిషి కూడా కాటా ముల్లు ఎర్రగీత దాటిందా లేదా చూసి చెప్పగలడు.

జిగురు మైదాతోనే కాయించు. ఒక గిన్నె పిండికి అయిదారు గిన్నెల నీళ్ళు, చల్లనీళ్ళలో ఉండలు లేకుండా కలిపాకే పొయ్యి మీదికి. పుస్తకాలు కుట్టేవాళ్ళు పురుగు పట్టకుండా అందులో మైలుతుత్తం వేస్తారు. నువ్వు వేయకు. వేళ్ళు నాకేవాళ్ళుంటారు, జిగురు తినేవాళ్ళూ ఉంటారు. ఏ రోజుది ఆ రోజే కాచి, మిగిలింది సాయంత్రం పారబోయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన దగ్గర వాయుగుండాల కాలం. జిగురు ఆరదు, కవర్లు కట్టలోనే అంటుకుంటాయి, బూజు పడుతుంది. ఆ మూడు నెలలు ఎవరికీ తారీఖు మాట ఇవ్వొద్దు.

తారీఖు మాట అన్నాను కదా, అబ్బయ్యా, ఇది నిదానంగా చదువు.

మా షెడ్డులో ఒక మాఘమాసం ముందు పెళ్ళి తాంబూలం సంచుల ఆర్డరు వచ్చింది. అయిదు వేలు, ఇరవై రోజుల గడువు, సంచికి ఆరు రూపాయలు. ఎనిమిది మంది ఉన్నారు. బాగా సాగిన ఒకరోజు 250 చేశారు, ఆ అంకె పట్టుకుని ఇరవైతో హెచ్చవేసి సరిపోయిందన్నాం. తప్పు అక్కడే జరిగింది. మామూలు రోజు లెక్క 120. ఒకరికి జ్వరం, ఒకరింట్లో తద్దినం, ఒకరోజు కరెంటు పోయి ఫ్యాన్లు లేక ఎవరూ కూర్చోలేదు. వారం తిరిగేసరికి 700 కూడా కాలేదు. అప్పుడు నేర్పేవాళ్ళం చేతులు పెట్టాం. ముందు మడతలు మేం వేశాం, ‘కాస్త సాయం’ అనుకున్నాం. తర్వాత తాడు గుచ్చడం కూడా. ఆ తర్వాత ఆరుగురు ఆడవాళ్ళని కూలికి పిలిచి ఎనిమిది రాత్రులు చేయించాం. పగలు మా వాళ్ళకి విడి రిబ్బను ముక్కలిచ్చి మూల కూర్చోబెట్టాం.

సరుకు గడువుకే పంపించాం. లెక్క చూడు. అయిదు వేలకి ముప్పై వేలు. కాగితం, తాడు, జిగురు సంచికి మూడు చొప్పున పదిహేను వేలు. రాత్రి కూలి ఆరుగురికి, ఎనిమిది రాత్రులు, 250 చొప్పున పన్నెండు వేలు. మిగిలింది మూడు వేలు. ఎనిమిది మంది పంచుకుంటే మనిషికి 375 రూపాయలు, ఇరవై రోజులకి.

డబ్బు పోతే పోయింది. తాడు గుచ్చే పని ఒకతనిది. ముప్పై దాటిన మనిషి, మాట రాదు. రెండు రంధ్రాల్లోంచి తాడు లోపలికి తీసి, లోపల ముడి వేయడం నేర్చుకోవడానికి అతనికి నాలుగు నెలలు పట్టింది. ముడి పడగానే బొటనవేలితో రెండుసార్లు నొక్కి చూసేవాడు, అప్పుడే కింద పెట్టేవాడు. ఆ వారంలో ఒక పొద్దున వచ్చి తన బల్ల చూశాడు. తాళ్ళన్నీ గుచ్చేసి ఉన్నాయి. ఒక సంచి తీసి ముడి నొక్కి చూశాడు. ఇంకొకటి. ఇంకొకటి. తర్వాత కుర్చీ గోడవైపు తిప్పుకుని కూర్చున్నాడు. ఆరు వారాలు తాడు ముట్టుకోలేదు. వాళ్ళమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. అదే ఇప్పటికీ గుచ్చుకుంటుంది. పెళ్ళివారొచ్చి ‘వీళ్ళే చేశారా’ అని మురిసిపోతే మేం తల ఊపాం. అది అబద్ధం.

కాబట్టి ఆర్డరు ఒప్పుకునే లెక్క ఇది. పదిరోజులు రోజుకెన్ని అవుతున్నాయో రాయి. అన్నిటికంటే తక్కువ వచ్చిన మూడు రోజుల సగటు తీసుకో. అది 85 అనుకుందాం. నెలకి ఇరవై పనిదినాలు, 1,700. అందులో 1,200కి మించి మాట ఇవ్వకు. మిగతావి అలమరలో పెట్టు. మందుల కవరు ఎప్పుడూ ఒకే సైజు, నిలవ ఉన్నా నష్టం లేదు. పెళ్ళి సంచి మీద పేర్లు ముద్రిస్తారు, అది మిగిలితే చెత్త. ఎవరైనా పదివేలు అడిగితే ‘తొమ్మిది నెలలవుతుంది’ అను, వెళ్ళిపోతే వెళ్ళనీ.

జీతం సంగతి. ముక్కకింత అని మాత్రమే ఇస్తే నిదానస్తులకి ఏమీ రాదు. వచ్చినందుకు రోజుకింత, దానిపైన చేసినదానికింత అని కలిపి ఇవ్వు. ఖాతాలో వేసేదే, కానీ కొంత నోట్లరూపంలో అతని చేతిలోనే, కవర్లో పేరు రాసి పెట్టు. వాళ్ళ నాన్న చేతిలో కాదు. నేర్పేవాళ్ళ జీతాలు, షెడ్డు అద్దె కవరు ధరలో కలపకు. కలిపితే ఆ ధరకి ఎవడూ కొనడు. అవి విరాళాలతో నడవాలి. అమ్మకం పుస్తకం వేరు, విరాళం పుస్తకం వేరు. అడిగినవాళ్ళకి రెండూ చూపించు. ఇంకోటి, ఎన్టీఆర్ భరోసా కింద దివ్యాంగుల పింఛను 2024లో ఆరువేలు చేశారు. జీతం చూపిస్తే అది పోతుందేమోనని తల్లిదండ్రులు భయపడి కొడుకుని పనికి పంపరు. ముందే ఒక్కో కుటుంబాన్నీ వెంటబెట్టుకుని వార్డు సచివాలయానికి వెళ్ళి తేల్చుకో.

ఇప్పుడు నా భయం. ఫిట్స్. మిషన్ వద్దన్నది అందుకే. ఎవరికి వస్తాయో, ఏ మందు, ఏ పూటో పేరుపేరునా గోడమీద కాదు, నోటుబుక్కులో రాసి తాళం వేసి పెట్టు. రాత్రి మాత్ర మర్చిపోయినా, నిద్ర చాలకపోయినా మర్నాడు వచ్చే అవకాశం ఎక్కువ. పొద్దున రాగానే రెండూ అడుగు. ఫిట్స్ వస్తే గడియారం చూడు. పక్కకి తిప్పి పడుకోబెట్టు, తలకింద మెత్తనిది పెట్టు. చేతిలో తాళాలగుత్తి పెట్టేవాళ్ళనీ, నోట్లో స్పూను పెట్టేవాళ్ళనీ, నీళ్ళు పోసేవాళ్ళనీ దగ్గరికి రానివ్వకు. అయిదు నిమిషాలు దాటితే 108. పొయ్యి దగ్గర నేర్పేవాళ్ళు తప్ప ఎవరూ ఉండకూడదు. ఆడవాళ్ళతో ఏ మగవాడూ, నువ్వైనా సరే, తలుపేసిన గదిలో ఒంటరిగా ఉండకూడదు.

చిన్నోడి సంగతి చివరికి దాచుకున్నాను. మధ్యాహ్నం కునుకు తీస్తే బద్ధకం అనుకోకు. డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్ళకి థైరాయిడ్ తగ్గడం మామూలే, ఏటా రక్తపరీక్ష చేయించు. తలమీద బరువులు మోయించొద్దు, వాళ్ళలో కొందరికి మెడ దగ్గర ఎముకలు పట్టు తక్కువగా ఉంటాయి. యజమాని తమ్ముడని వేరే కుర్చీ వేయకు. అతని పని తప్పైతే తప్పని చెప్పు. పద్దెనిమిదేళ్ళు నిండాక అమ్మానాన్నలు వాళ్ళంతట వాళ్ళు చట్టప్రకారం సంరక్షకులు కారు. 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టం కింద కలెక్టరు అధ్యక్షతన కమిటీ ఉంటుంది, అక్కడ దరఖాస్తు పెట్టించు. మీ నాన్న ఎప్పుడూ ‘చూద్దాంలే’ అంటాడు. అన్నయ్యకి డెబ్భై దగ్గరపడుతున్నాయి. నా మాటగా చెప్పు, ఈ నెలలోనే.

బస్సులో రావడం మొదట ఒకే స్టాపు, ఒకే టైము, ఒకే మనిషితో నేర్పు. జేబులో పేరు, నీ నంబరు ఉన్న కార్డు.

మా షెడ్డులో వాడిన క్లిప్పుల పట్టీలు రెండు నా దగ్గరే ఉండిపోయాయి. వచ్చే గురువారం నెల్లూరొచ్చే వాళ్ళ చేత పంపిస్తాను. వాటిలో నీలం రంగుదానికి పదో క్లిప్పు స్ప్రింగు వదులైపోయింది. అది మార్పించాకే చిన్నోడి చేతికివ్వు, లేకపోతే కవరు జారి కిందపడుతుంది, పది అయ్యాయని వాడు కట్ట కట్టేస్తాడు.

ఇట్లు,
మీ అత్తయ్య