పాత ఆటోకి గట్టి స్ప్రింగులు వేస్తే యాక్సిల్ బూట్లు ఎందుకు చినుగుతాయి?

కడపలో బండలు మోసే, వెనక ఇంజను ఉన్న పాత ఆటో గురించి కదా మీరడిగింది. తప్పు బూట్లది, అంటే యాక్సిల్ జాయింటును కప్పే రబ్బరు తొడుగులది కాదు, ఎత్తుది. గట్టి స్ప్రింగులతో బాడీ లేచేకొద్దీ యాక్సిల్ వాలు పెరిగి, జాయింటు దగ్గర రబ్బరు మడతలు ఒరుసుకుని చీలుతాయి. గ్రీజు పోయి దుమ్ము చేరితే జాయింటూ అరుగుతుంది.

జాకీ మీద లేపి, చక్రాలు వేలాడుతుండగా న్యూట్రల్‌లో చేత్తో తిప్పండి. పట్టేసినట్టుంటే ఎత్తు తగ్గించాల్సిందే. స్ప్రింగులు రెండు పక్కలా ఒకే రకం వేయండి. పొడవైన షాక్ అబ్జార్బర్లు మాత్రం వద్దు, చక్రం ఇంకా కిందికి జారుతుంది.

8 అంగుళాల చక్రాలకు బదులు 10 అంగుళాలవి వేద్దామంటారా? లాగుడు తగ్గి, గువ్వలచెరువు ఘాట్‌లో క్లచ్ కాలుతుంది.