జతగాడి కూతురు అడిగింది, ఏం చెప్పేది?

ప్రశ్న: నమస్తే మేడం, నాది తిరుపతి, వయసు యాభై దాటింది. నాకొక జతగాడు ఉండేవాడు, టైలరు, గాంధీరోడ్డు పక్కన సందులో చిన్న అంగడి. ఒకే బడి, ఒకే బెంచీ మాది. 2003 నవంబర్లో పోయినాడు. ఊరందరికీ టీబీ అని చెప్పినారు, టీబీ నిజమే కానీ దాని వెనకాల ఎయిడ్స్ ఉందని నాకూ వాడి పెండ్లాం, మా వదినకూ తప్ప ఎవురికీ తెలీదు. ఆమెకీ పాజిటివ్ అని అప్పుడే తేలింది, ఇప్పటికీ మాత్రలు మింగతా బాగానే ఉంది, ఆ అంగట్లో మిషనే ఇంటికి తెచ్చుకుని తొక్కి పాపని చదివించింది. అప్పుడు పాపకి అయిదేండ్లు, ఇప్పుడు ఇద్దరు బిడ్డల తల్లి. మొన్న తద్దినం నాడు భోజనాలైనాక నన్ను పక్కకి పిల్చి "చిన్నాయనా, మా నాయన నిజంగా దేనితో పోయినాడు, అమ్మ చెప్పదు, నువ్వన్నా చెప్పు" అనింది. నేను టీబీనే కదమ్మా అనేసి చెప్పులేసుకుని వచ్చేసినా. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఇంకోటుంది మేడం, ఎవురికీ చెప్పలేదు. వాడు మంచానపడినాక ఒకరోజు చూసేదానికి పోతే వదిన స్టీలు గ్లాసులో కాఫీ తెచ్చిచ్చింది. నేను ఇప్పుడే తాగొచ్చినా వదినా అని కిటికీలో పెట్టేసినా. వాడు కాసేపు చూసి "నేను ముట్టుకోలేదులేరా, ఆమే పెట్టింది" అన్నాడు. అయినా తాగలేదు నేను. నెల తిరక్కుండానే పోయినాడు. ఆరు నెలలైనా కాకముందే, 2004 ఏప్రిల్లో, గవర్నమెంటు ఫ్రీగా మందులు మొదలుపెట్టింది, అది తల్చుకుంటే ఇంకా మంట. పాపకి నిజం చెప్పాలా వద్దా? డిసెంబర్ 1న, ఎయిడ్స్ దినం నాడు, పిల్లోళ్లు ర్యాలీ పోతారు కదా, వాడి పేరు ఒక అట్టమీద రాసుకుని నేనూ నడుద్దామనుకుంటా ప్రతి ఏడూ, చేతులు రావు. నడవచ్చా?

జవాబు: అన్నా, మీ ఉత్తరం నేను మూడుసార్లు చదివినాను, మూడుసార్లూ ఆ కిటికీలో గ్లాసు దగ్గరే ఆగిపోయినాను.

ముందు పాప సంగతి. మీరు చెప్పకండి. అబద్ధం కూడా ఇంక చెప్పకండి. ఎందుకంటే ఆ నిజం మీ జతగాడిది ఒక్కడిదే కాదు, దాన్లో సగం మీ వదినది, ఆమె బతికుంది, రోజూ మాత్ర వేసుకుంటా ఉంది, నాయన దేనితో పోయినాడో కూతురికి తెలిసిన మరుక్షణం అమ్మ ఆ మాత్ర ఎందుకు మింగతా ఉందో కూడా తెలిసిపోతుంది. ఇన్నేళ్లు ఆమె ఆ డబ్బా ఎక్కడ దాచిందో, నెలనెలా ఆస్పత్రికి పోయేటప్పుడు ఏం సాకు చెప్పిందో ఒకసారి ఆలోచించండి. 2017లో చేసిన హెచ్ఐవీ చట్టం కూడా ఒకరి సంగతి వాళ్ల ఒప్పుదల లేకుండా బయటపెట్టకూడదనే అంటుంది, కానీ చట్టం లేకపోయినా ఇది ఆమె నోట్లోంచి రావాల్సిన మాట. కాబట్టి ముందు వదిన దగ్గరికి పోండి, పాప ఇట్ల అడిగింది వదినా, నేను దాటేసి వచ్చినా, నీకేం చేయాలనుంది అని అడగండి. చెప్తానంటే తోడుగా కూర్చోండి. వద్దంటే వద్దు. ఎట్ల మొదలుపెట్టాలో తెలీదంటే ఆమె మందులు తీసుకునే ఏఆర్టీ సెంటర్లోనే కౌన్సిలర్ ఉంటారు, వాళ్లకి రోజూ ఉండే పనే ఇది, లేదా ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కి ఫోన్ చేస్తే పైసా ఖర్చులేకుండా మాట్లాడతారు.

పాప ఆరోగ్యం గురించి మీరు అడగలేదు గానీ మనసులో ఉండే ఉంటుంది. తల్లినుంచి బిడ్డకి వచ్చేదుంటే కడుపులోనో కాన్పులోనో పాలలోనో రావాల. మందు లేకుండా ఆ పిల్ల ఇన్నేళ్లు ఆరోగ్యంగా ఉండి ఇద్దర్ని కనిందంటే భయపడే పని దాదాపు లేదు, పైగా గర్భిణులకి చేసే రక్తపరీక్షల్లో హెచ్ఐవీది కూడా ఉంటుంది. అయినా మీ వదినని ఒక మాట అడిగితే ఆమెకే తెలిసుంటుంది.

2004 విషయం. అవును, ఏప్రిల్ 1నే మొదలైంది, మన రాష్ట్రం కూడా మొదటి విడతలోనే ఉంది. కానీ అన్నా, మొదట్లో కొన్ని పెద్దాస్పత్రుల్లోనే ఇచ్చేవాళ్లు, టీబీ కూడా పట్టేసిన మనిషి అప్పటిదాకా ఆగి ఆ లైన్లో నిలబడగలిగేవాడో లేదో ఎవరం చెప్పలేం. నిజానికి మూడు మందులు కలిపి వాడితే మనిషి లేచి నడుస్తాడని 1996కే తెలిసిపోయింది ప్రపంచానికి. మందు ఉంది, అది గాంధీరోడ్డు టైలరు దాకా రాలేదు, రావడానికి ఎనిమిదేళ్లు పట్టింది. నాకు కోపం వచ్చేది దానికి. మీరు మాత్రం ఆ మంట మీమీదకి తిప్పుకోకండి, మందు లేకపోవడం మీ తప్పు కాదు.

గ్లాసు మాత్రం మీదే. దాన్ని నేను తేలిక చేయను, చేస్తే మీకూ నచ్చదు. గ్లాసుతో, కంచంతో, పక్కన కూర్చుంటే, ముట్టుకుంటే ఇది అంటుకోదని ఈరోజు పదో క్లాసు పిల్లోడు కూడా చెప్తాడు, అప్పుడు డాక్టర్లు చెప్పినా జనం నమ్మలేదు, మీరూ భయపడినారు. వాడు పోయినాడు కాబట్టి వాడికి చెప్పుకోలేరు. కానీ ఆ కాఫీ కలిపింది ఎవరు? మీరు వెళ్లినాక కిటికీలోంచి నిండు గ్లాసు తీసి పారబోసి కడిగింది ఎవరు? ఆమె మర్చిపోయి ఉంటుందని నేను అనుకోను. వాడికి చెప్పలేని మాట ఆమెకి చెప్పచ్చు కదా. అప్పుడు భయపడినా వదినా, తప్పు చేసినా, అంతే, ఎక్కువ వద్దు. ఆమె ఏడిస్తే ఏడవనీండి.

ర్యాలీలో పేరు అడిగినారు. అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కోలో క్లీవ్ జోన్స్ అనే ఆయన ఎయిడ్స్‌తో చనిపోయిన స్నేహితుల కోసం ఒక పని మొదలుపెట్టినాడు, ఒక్కొక్కరికీ ఒక గుడ్డ, మూడడుగుల వెడల్పు ఆరడుగుల పొడుగు, అంటే ఒక మనిషిని పూడ్చే జాగా అంత, దానిమీద పేరు కుట్టడం, వాడి చొక్కా ముక్కో ఇష్టమైన వస్తువో కలిపి కుట్టడం. 1987 అక్టోబర్లో వాషింగ్టన్‌లో పరిచినప్పుడు 1,920 గుడ్డలు. కొన్నిటిమీద ఇంటిపేరు లేదు, ఉత్త పేరే, ఎందుకంటే అక్కడా ఇంట్లోవాళ్లు బయటికి చెప్పుకోలేదు. టైలరు జతగాడి గురించి చదవగానే నాకు అదే గుర్తొచ్చింది. కాబట్టి అట్టమీద పేరు రాయకండి, తిరుపతి చిన్న ఊరు, వాడి పేరు చూస్తే మీ వదిన ఇంటికి దారి తెలిసిపోతుంది. పేరు లేకుండా నడవండి. లేదా వాడు కుట్టిన చొక్కా ఏదన్నా మీ బీరువాలో ఉంటే, అది వేసుకుని నడవండి, ఎవరికీ తెలియక్కర్లేదు.

ఈలోపల పాప మళ్లీ అడిగిందనుకోండి, ఆ పిల్ల అడుగుతుంది, ఒకసారి అడిగినవాళ్లు ఆగరు, అప్పుడు "అమ్మా, ఆ మాట మీ అమ్మ చెప్పాల, నేను చెప్పకూడదు, కానీ మీ నాయన ఎట్ల బతికినాడో నాకు తెలుసు, అది అడుగు ఎంతైనా చెప్తా" అనండి. అయిదేళ్ల పిల్లకి నాయన గురించి ఏం గుర్తుంటుంది చెప్పండి. ఒకే బెంచీమీద కూర్చున్నవాళ్లు మీరు. మెడలో టేపు వేసుకుని ఎట్ల నిలబడేవాడు, సుద్దముక్క ఎక్కడ పెట్టేవాడు, మీ పెళ్లికి ఏం కుట్టిచ్చినాడు, ఇంట్లో వాడి గురించి ఆ పిల్ల ఒక్క రోగం తప్ప ఏమీ వినలేదేమో. ఆ చొక్కా ఉంటే తీసుకపోయి చూపించండి, కాజాలు చేత్తో వేసిందే అయితే ఆ దారం మీద వేలు పెట్టి చూసుకోనీండి.