రొయ్యల రేటు మెసేజ్ మీద పీహెచ్‌డీ చేయొచ్చా?

ప్రశ్న: మాది భీమవరం దగ్గర పల్లెటూరు. వనామీ రొయ్యల చెరువులు చేస్తాం. అమ్మాయి బీఏ ఆఖరి ఏడాదిలో ఉంది. ఆసియా దేశాల్లో మీడియా, కమ్యూనికేషన్ మీద రీసెర్చ్ చేస్తానంటోంది. ఎన్నేళ్లు పడుతుంది? ఖర్చు ఎవరు భరిస్తారు? చివరికి ఉద్యోగం ఉంటుందా?

జవాబు: ముందు ఏళ్ల లెక్క చూద్దామండి. పీజీ రెండేళ్లు. పీహెచ్‌డీకి యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) నిబంధనల ప్రకారం కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు. ఊళ్లు తిరిగి మనుషులతో మాట్లాడాల్సిన సబ్జెక్టు కాబట్టి మీరు మాత్రం పీహెచ్‌డీకి ఐదేళ్లు, పీజీతో కలిపి ఏడేళ్లు వేసుకోండి.

పీజీ విషయంలో చాలామంది కాలేజీ పేరు చూసి చేరిపోతారు. చూడాల్సింది సిలబస్‌. రీసెర్చ్ మెథడ్స్ పేపరు, చివర్లో డిసర్టేషన్ (సొంతంగా చేసి రాసే చిన్న పరిశోధన) ఉంటేనే మీ అమ్మాయికి పనికొస్తుంది. కెమెరా, యాంకరింగ్ నేర్పే కోర్సులు మంచివే కానీ ఆ దారి వేరు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఎంఏ కమ్యూనికేషన్‌కు సీయూఈటీ పీజీ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీలోనూ జర్నలిజం విభాగం ఉంది.

ఖర్చు సంగతి తేల్చేది యూజీసీ నెట్ అనే జాతీయ అర్హత పరీక్ష. పేపర్-1లో 50 ప్రశ్నలు, పేపర్-2లో 100. మూడు గంటలు, 300 మార్కులు, నెగెటివ్ మార్కులు లేవు. పీజీ రెండో ఏడాదిలో ఉండగానే రాయొచ్చు. అందులో జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు రూ.37,000, ఆ తర్వాత రూ.42,000 ఫెలోషిప్. రాకపోతే? రెండు పేపర్లూ రాసినవారిలో అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హతకు తీసుకునేదే 6 శాతం. జేఆర్ఎఫ్ అంతకన్నా తక్కువమందికి. అందుకే ఫెలోషిప్ లేకుండా సొంత డబ్బుతో పీహెచ్‌డీలో చేరొద్దని నా సలహా. సబ్జెక్టు బాగా చదివి, అందరికీ ఉమ్మడిగా ఉండే పేపర్-1ని తేలిగ్గా తీసుకుని ఫెలోషిప్ పోగొట్టుకునేవారూ ఉంటారు.

అసలు తేడా కొట్టేది టాపిక్ దగ్గర. ‘యువతపై సోషల్ మీడియా ప్రభావం’ అని పెట్టుకుని, వంద మంది స్నేహితులకు గూగుల్ ఫారం పంపి, శాతాలు తీసి థీసిస్ అంటారు. పీహెచ్‌డీ ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్నకే అది కూలిపోతుంది: ఏ యువత, ఏ ప్రభావం, దేనితో పోల్చి?

మీ అమ్మాయికి మంచి టాపిక్ మీ ఫోన్లోనే ఉంది. రోజూ వాట్సాప్ గ్రూపుల్లో 30 కౌంటు (కిలోకు 30 రొయ్యలు తూగేవి) ఇంత, 100 కౌంటు ఇంత అని రేట్లు వస్తాయి కదా. ఆ రేటు ఎవరు పెడుతున్నారు? రైతు దాన్ని ఎవరితో సరిచూసుకుంటున్నాడు? పట్టుబడి వారం ముందుకో వెనక్కో జరపడంలో ఆ మెసేజ్ పాత్ర ఎంత? దీనికి ముందు జరిగిన పని కూడా ఉంది. ఉత్తర కేరళలో 1997-2001 మధ్య మొబైల్ సిగ్నల్ వచ్చాక సార్డిన్ చేపల మార్కెట్ల మధ్య ధరల తేడా బాగా తగ్గిందనీ, అమ్ముడుపోక పారబోసే చేపలు దాదాపు లేకుండా పోయాయనీ ఆర్థికవేత్త రాబర్ట్ జెన్సన్ 2007లో చూపించారు. అక్కడ జాలరి తనే ఫోన్ చేసి నాలుగు రేవుల్లో ధర కనుక్కున్నాడు. ఇక్కడ గ్రూపులో ధర పెట్టేవాడు కొనేవాడో, అతని ఏజెంటో అయితే ఫలితం అదే వస్తుందా? ఈ ఒక్క ప్రశ్న పీహెచ్‌డీకి చాలు.

ఇందులో ఆసియా ఎక్కడుందంటారా? వియత్నాంలో మెకాంగ్ డెల్టా కూడా రొయ్యల సీమే. అక్కడ వాట్సాప్ కాదు, జాలో అనే వాళ్ల సొంత మెసేజింగ్ యాప్ ఎక్కువగా వాడతారు. రెండు డెల్టాలను పక్కపక్కన పెట్టి చూస్తే అది ఆసియా అధ్యయనం. ఇలాంటి పనిని సింగపూర్‌లో నాన్యాంగ్ టెక్నలాజికల్ యూనివర్సిటీ కమ్యూనికేషన్ విభాగం, ఏషియన్ జర్నల్ ఆఫ్ కమ్యూనికేషన్ వంటివి పట్టించుకుంటాయి. కొరియన్ సీరియళ్ల మీద ఇప్పటికే రాసేవాళ్లు కోకొల్లలు (మీ అమ్మాయికి అవి ఇష్టమైతే చూడనివ్వండి, థీసిస్‌కి మాత్రం వద్దు).

రెండు చిక్కులు ముందే చెబుతాను. గంట ఇంటర్వ్యూ రికార్డింగును తెలుగులో రాసుకోవడానికి ఐదారు గంటలు పడుతుంది. 40 మందిని అడిగితే, ఒక్కరే రోజుకు నాలుగు గంటలు కూర్చుని రాసుకున్నా దాదాపు రెండు నెలల పని. ఇంకోటి, ‘వారంలో ప్రచురిస్తాం, ఫీజు పంపండి’ అనే జర్నళ్లు. యూజీసీ 2022 నిబంధనల్లో థీసిస్‌కు ముందు పేపరు ప్రచురించి తీరాలన్న షరతు తీసేశారు కాబట్టి వాటికి రూపాయి కూడా కట్టక్కర్లేదు.

ఉద్యోగాలకు పోటీ గట్టిగా ఉంటుంది. అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు మూలవేతనం రూ.57,700తో మొదలవుతుంది కానీ పోస్టులు కొద్ది. వేరే దారులూ ఉన్నాయి: ప్రేక్షకుల సర్వేలు చేసే సంస్థలు, యాప్ కంపెనీల్లో యూజర్ రీసెర్చ్, స్వచ్ఛంద సంస్థలు. అక్కడ అడిగేది డిగ్రీ పేరు కాదు, మనిషిని కూర్చోబెట్టి సరైన ప్రశ్న అడగడం వచ్చా అని.

ఈ వేసవిలో అమ్మాయిని ఆరుగురు రైతులతో మాట్లాడి, తన ప్రశ్న ఏమిటో ఒక్క పేజీలో రాయమనండి. ఆ ఆరుగురిలో మీరు, మీ బంధువులు, మీ సరుకు కొనే ఏజెంటు ఉండకూడదు. మీ లావాదేవీలు తెలిసినవాళ్లు నిజం చెప్పడానికి మొహమాటపడతారు. గ్రూపులో మెసేజీలు వాడుకోవాలంటే అడ్మిన్ ఒక్కడు సరేనంటే చాలదు, రాసినవాళ్ల అనుమతి కూడా తీసుకోమనండి.