బాతుకు నీరంటదా?

ప్రశ్న: నేనూ నా మిత్రుడూ బరంపురంలో ఒకే వీధిలో పెరిగి, వేర్వేరు ఊళ్లలో ఉద్యోగాలు చేసి, డెబ్బై దాటాక మళ్లీ ఒకే చెరువుగట్టుకు చేరినవాళ్లం. సాయంత్రాలు అక్కడ ఎవరివో పెంపుడు బాతులను చూస్తూ కూర్చుంటాము; చలికాలంలో ఒకసారి రైలెక్కి రంభకు పోయి, అక్కడి చిలికా సరస్సుకు వచ్చిన వలస పక్షులను చూసి వస్తాము. నీళ్లలో మునిగి లేచినా తడి అంటని బాతులాగ ఈ వయసులో మనిషి దేనినీ అంటించుకోకుండా ఉండాలని నేనంటాను. రెండేళ్ల క్రితం భార్యను పోగొట్టుకున్న నా మిత్రుడు మాత్రం, జక్కవ కూడా బాతుజాతే కదా, రాత్రంతా జంట కోసం ఏడ్చే పక్షి దగ్గర నువ్వు నేర్చుకునే వైరాగ్యం ఏమిటని అడుగుతాడు. మాలో ఎవరి మాట సరైనది?
— ఒక పాఠకుడు, బరంపురం, గంజాం జిల్లా

జవాబు: ఇద్దరూ బాతును గట్టు మీదినుంచే చూశారని అనిపిస్తున్నది.

ముందు మీ మాట. బాతు ఒడ్డెక్కగానే ఏం చేస్తుందో ఈసారి గమనించండి. తోక మొదట్లో ఉన్న చిన్న గ్రంథిని ముక్కుతో నొక్కి, అందులోనుంచి వచ్చే నూనెను ఒక్కొక్క ఈకకూ పూసుకుంటుంది. ముక్కు అందని తలను వీపుకేసి రుద్దుకుంటుంది. అయితే నీటిని నిలవరించేది నూనె ఒక్కటే కాదు. ఈకలోని సన్నని పోగులు చిన్న చిన్న కొక్కేలతో ఒకదానినొకటి పట్టుకొని, నీటిబొట్టు దూరలేనంత దట్టమైన నేతగా ఏర్పడతాయి. ఆ నేత ఎక్కడ విడిపోయినా బాతు ముక్కుతో దువ్వి మళ్లీ కలుపుకోవాలి, నూనె ఈకలను మెత్తగా, పెళుసెక్కకుండా ఉంచుతుంది. సముద్రంలో ఓడల చమురు ఒలికినప్పుడు పక్షులు చనిపోవడానికి ఒక ముఖ్యకారణం ఈ నేత చెడిపోవడమే: చన్నీరు నేరుగా చర్మాన్ని తాకి ఒంటి వేడిని లాగేస్తుంది. కనుక మీరు మెచ్చుకున్న ఆ అంటనితనం ఏ రోజుకారోజు కూర్చుని చేసుకోవలసిన పని. తామరాకుకు ఈ శ్రమ లేదు, దాని మైనపు పూత దానితోనే పుడుతుంది. మన పెద్దలు ఈ పోలికకు బాతును కాక తామరాకునే ఎంచుకోవడంలో ఎంతో పరిశీలన ఉన్నదని నా నమ్మకం.

ఇక మీ మిత్రుని జక్కవ. నారింజ వన్నె ఒంటితో, కాస్త పాలిపోయిన తలతో రంభ దగ్గర మీరు చూసి ఉండగల పక్షే అది, సంస్కృతంలో చక్రవాకం. రాత్రి కాగానే జంట విడిపోయి చెరో ఒడ్డున విలపిస్తుందన్నది కవిసమయం, అంటే కవులు తరతరాలుగా వాడుతూ వచ్చిన కల్పన. ఈ పక్షులు రాత్రిపూట కూడా మేతకు తిరుగుతాయి, ఎడంగా మేస్తూ గట్టిగా ఒకదానినొకటి పిలుచుకుంటాయి. చీకటిలో ఆ పిలుపు విన్నవారికి ఏడుపుగా తోచి ఉండవచ్చు. నిజానికి జక్కవ జంట ఏళ్ల తరబడి నిలుస్తుంది. లడాఖ్, టిబెట్ వంటి ఎత్తైన చోట్ల, రాతి బొరియలలో ఆడపక్షి నాలుగు వారాలు గుడ్లు పొదుగుతూ ఉంటే మగపక్షి దగ్గరలోనే కావలి కాస్తుంది. అక్టోబరు మొదలు మార్చి దాకా చిలికాలో ఉండే పక్షిని మాత్రమే చూసిన కవులకు ఆ సంసారం కనబడే అవకాశం లేదు. మీ మిత్రుడు జక్కవను తనవైపు సాక్షిగా పిలవడం తప్పు కాదు, కాని అది చెప్పే సాక్ష్యం విరహం గురించి కాదు, తోడు గురించి.

ప్రశ్న: (అదే ఉత్తరం అడుగున, వేరే చేతిరాతలో) నాకు రాత్రులు నిద్ర పట్టడం లేదు. ఈ బాతులేమో మిట్టమధ్యాహ్నం, కుక్కలు తిరిగే గట్టు మీద కూడా తల వెనక్కి తిప్పి, ముక్కు రెక్కలో దూర్చి హాయిగా నిద్రపోతాయి. వాటికి భయం ఉండదా?

జవాబు: ఉంటుంది, అందుకే అవి అన్నివేళలా పూర్తిగా నిద్రపోవు. బాతు మెదడులో ఒక సగాన్ని నిద్రపుచ్చి, రెండో సగాన్ని మేలుకొలిపి ఉంచగలదు. మేలుకొని ఉన్న సగానికి ఎదురువైపు కన్ను తెరుచుకొని ఉంటుంది. మన పెంపుడు బాతులలో చాలావాటికి మూలమైన మల్లార్డ్ జాతి బాతులను వరుసగా పడుకోబెట్టి చేసిన పరిశోధన ఒకటి 1999లో ప్రచురితమైంది. వరుస నడుమ ఉన్నవి ఎక్కువగా రెండు కళ్లూ మూసుకున్నాయి. చివరన ఉన్నవి మాత్రం వాటికంటే ఎక్కువసేపు ఒంటికన్నుతో, అదీ ఎక్కువగా గుంపుకు బయటివైపున్న కంటితో చూస్తూ పడుకున్నాయి. తోడున్న పక్షికి నిండు నిద్ర, అంచున ఉన్న పక్షికి సగం నిద్ర. మీ నిద్రలేమికి మందు చెప్పవలసింది వైద్యుడు గనుక ఆయనను తప్పక కలవండి. కాని ఒక మధ్యాహ్నం మీ మిత్రుని వెంటబెట్టుకొని, వీలైతే ఒక దుర్భిణి పట్టుకొని, గట్టు మీద గుంపు చివర పడుకున్న బాతును చూడండి. ఏ కన్ను తెరిచి ఉన్నదో గుర్తుపెట్టుకోండి. కాసేపటికి అది లేచి, అటునుంచి ఇటు తిరిగి పడుకుంటే, తెరిచిన కన్ను మారిందో లేదో మీలో ఒకరు చూసి రెండోవారికి చెప్పండి.